శింగనమల చెప్పింది... ఉరవకొండ తప్పింది!

కరవు సీమలో రెండు ఊళ్లున్నాయి. ఎన్నికలొస్తే చాలు, రాజకీయాలు మాట్లాడుకునే వాళ్లంతా ఆ రెండింటి పేర్లూ తలచుకుంటారు. ఒక ఊరు ఎప్పుడూ గెలిచే పార్టీతోనే ఉంటుందట... ఇంకో ఊరు ఎప్పుడూ ఓడే పార్టీతోనేనట! సర్వేలు చెప్పే జోస్యాలను ఎంతవరకు నమ్మొచ్చు? ఆ ప్రశ్న మూటగట్టుకుని ఆ రెండు ఊళ్లూ తిరిగొస్తే...

అనంతపురం బస్టాండులో ఉరవకొండ బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ఊరు దాటిన కాసేపటికే జిల్లా మొత్తం కళ్లముందు పరచుకుంటుంది. ఎర్రటి నేల. మధ్యమధ్యలో బోడి గుట్టలు. దూరంగా తిరుగుతున్న గాలిమరలు. రోడ్డు వారన చింతచెట్లు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన పడే జిల్లా మాదేనని చిన్నప్పుడు బళ్లో చెబితే అదేదో బహుమతి వచ్చినట్టు చప్పట్లు కొట్టాం. నైరుతి మేఘాలు పడమటి కనుమల అవతలే బరువు దించుకుని వస్తాయి. ఈశాన్య మేఘాలు కోస్తాలోనే చాలావరకు ఖర్చయిపోతాయి. మిగిలిందే మాకు!

ఆ సగటు కూడా కాగితం మీదే. ఒక ఊళ్లో కురిసిన వాన పక్క ఊళ్లో కురవదు. రోడ్డుకి ఇటు పక్క చేను తడుస్తుంది, అటు పక్క చేను దుమ్ము రేగుతుంటుంది. అందుకే సగటును నమ్ముకుని విత్తనం వేసే రైతు ఇక్కడ కనబడడు. ఆ సంగతి ఈ నేల మీద పుట్టి పెరిగిన నాకు తెలుసు. తెలిసీ ఒకసారి మర్చిపోయాను. దాని ఖరీదు ఒక జత కోడెలు.

కూడేరు దాటాక దిగి, ఆటోలో మా చిన్నాయన వాళ్ల ఊరు వెళ్లాను. ఇంటి పక్కన పశువుల కొట్టం ఇప్పటికీ ఉంది. అందులో పాత సైకిలూ, స్ప్రింక్లర్ పైపులూ పడున్నాయి. 2019 వేసవి దాకా అక్కడ ఒక జత కోడెలుండేవి.

ఆ ఏడాది ఏప్రిల్ 11న పోలింగ్. అంతకుముందు పదిరోజులు నేను జిల్లా అంతా తిరిగాను. ఊరూరా టీకొట్ల దగ్గర, బస్టాండుల్లో, రచ్చకట్టల మీద నూట పది మందిని అడిగాను. నోటు పుస్తకంలో గీతలు గీసుకున్నాను. లెక్క చూసుకుని, జిల్లాలోని 14 స్థానాల్లో తెలుగుదేశానికి ఏడెనిమిది ఖాయమని తేల్చేశాను. చదువుకున్నోడు, పత్రికల్లో రాసేవాడు చెబితే తప్పెందుకవుతుందని చిన్నాయన నమ్మాడు. ఆ తర్వాత టీవీలో ఓ సర్వే కూడా దాదాపు అదే పాట పాడేసరికి నమ్మకం బలపడింది. నాకు తెలియకుండా పందెం కాశాడు. పందెం తప్పే... కానీ ఎన్నికలప్పుడు ఆంధ్ర పల్లెల్లో ఎన్ని లక్షలు, ఎన్ని ఎకరాలు ఇలా చేతులు మారతాయో అందరికీ తెలిసిందే కదా! మే 23న లెక్క తేలింది. 14లో వైఎస్సార్ కాంగ్రెస్‌కి 12, తెలుగుదేశానికి రెండు. మర్నాడు కోడెలు కొట్టంలోంచి బయటికి నడిచాయి.

చిన్నాయన నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

ఉరవకొండ ‘శాపం’

ఆ 14లో తెలుగుదేశం గెలిచిన రెండూ ఏవో తెలుసా? ఒకటి హిందూపురం. 1983 నుంచి ఆ పార్టీని వదలని స్థానం. ఎన్టీ రామారావు మూడుసార్లు గెలిచింది అక్కణ్నుంచే. ఎటు గాలి వీచినా కదలని ఊరిని చూసి గాలి సంగతి చెప్పలేం కాబట్టి దాన్ని పక్కన పెడదాం. రెండోది ఉరవకొండ. దాని కథే వేరు.

పడగ విప్పిన పాములా కనిపించే కొండ పక్కన ఊరు కాబట్టి ఉరగకొండ... అదే ఉరవకొండ అయిందంటారు. పక్కనే పెన్న ఒడ్డున పెన్నహోబిలం నరసింహస్వామి. బెళుగుప్ప వైపు వెళితే జీడిపల్లి జలాశయం... హంద్రీ-నీవా కాలవలో కృష్ణా నీళ్లు అక్కడిదాకా వస్తాయి. ఇన్ని ఉన్నా రాజకీయాల్లో ఈ ఊరు పేరు చెబితే అందరికీ గుర్తొచ్చేది ‘సెంటిమెంటే’.

చూడండి మరి. 1999లో ఉరవకొండలో కాంగ్రెస్ గెలిచింది, రాష్ట్రంలో తెలుగుదేశం వచ్చింది. 2004లో తెలుగుదేశం అభ్యర్థి పయ్యావుల కేశవ్ గెలిచారు, రాష్ట్రంలో కాంగ్రెస్ వచ్చింది. 2009లో మళ్లీ కేశవ్, మళ్లీ కాంగ్రెస్ ప్రభుత్వం. 2014లో వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి విశ్వేశ్వరరెడ్డి గెలిచారు, అధికారం తెలుగుదేశానికి దక్కింది. 2019లో కేశవ్ గెలిచారు, అధికారం వైఎస్సార్ కాంగ్రెస్‌కి వెళ్లింది. వరసగా అయిదుసార్లు!

బస్టాండు ఎదురుగా టీ తాగుతూ ఈ మాట ఎత్తగానే నలుగురు చుట్టూ చేరారు. ‘‘మా ఊరికి శాపం సార్. ఎవురు గెలిసినా ప్రతిపక్షంలో కూచోవాల్సిందే’’ అన్నాడొక పెద్దాయన. ‘‘ఏం శాపమప్పా... 2024లో పోయిందిగా’’ అని ఇంకో కుర్రాడు అందుకున్నాడు. నిజమే. ఆ ఏడాది కేశవ్ గెలిచారు, ఆయన పార్టీ కూడా గెలిచింది. ఆయన రాష్ట్ర ఆర్థిక మంత్రి అయ్యారు. పాతికేళ్ల సెంటిమెంటు ఒక్క మధ్యాహ్నంలో మాయమైంది!

అసలు ఆ సెంటిమెంటు ఎంత సన్నటి దారం మీద వేలాడిందో చూస్తే నవ్వొస్తుంది. 2009లో ఇక్కడ గెలుపోటముల మధ్య తేడా కేవలం 229 ఓట్లు. అంటే 115 మంది ఆ రోజు మనసు మార్చుకుని ఉంటే శాపం పదిహేనేళ్ల ముందే పోయేది. 2014లో, 2019లో కూడా తేడా రెండువేల చిల్లరే. ఇంత దగ్గరి పోటీలో ఫలితం ఎటైనా పడొచ్చు. పడ్డాక మాత్రం మనం దానికి కథ అల్లేస్తాం.

వజ్రం దొరికినోడి మాటే వినబడుతుంది

ఉరవకొండ నుంచి వజ్రకరూరు ఎంతో దూరం లేదు. తొలకరి పడిందని తెలిసి అక్కడికీ వెళ్లాను. పేరులోనే వజ్రం ఉన్న ఊరు. కింద కింబర్లైట్ అనే రాతి గొట్టాలున్నాయని భూగర్భ శాస్త్రవేత్తలు తేల్చారు. వాన పడితే పైమట్టి కొట్టుకుపోయి రాళ్లు తేలతాయి. ఇక పనులు మానుకుని జనం చేలల్లోకి దిగుతారు. ఇక్కడా, అవతల కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి వైపూ ఏటా ఇదే తంతు. సద్ది మూటలు కట్టుకుని, నడుం వంచి, నేలకేసి చూస్తూ సాయంత్రం దాకా నడుస్తారు.

‘‘దొరికిందా పెద్దమ్మా?’’ అనడిగాను ఒకామెను.

‘‘ఇరవై ఏండ్లుగా వస్తాండా నాయనా. ఒక్కటీ దొరకలే. పోయినేడు ఎవురికో దొరికిందంట!’’

ఆ ‘ఎవురికో’ అన్న మాట నన్ను పట్టుకుంది. వజ్రం దొరికిన ఒక్కడి పేరు నాలుగు మండలాలకు తెలుస్తుంది, పత్రికలో వస్తుంది. దొరకని వేలమంది గురించి ఎవరూ రాయరు. దాంతో ఇక్కడికొస్తే వజ్రం దొరుకుతుందన్న నమ్మకం నిలబడుతుంది.

ఎన్నికల జోస్యాల కథ కూడా అచ్చం ఇంతే. ప్రతి ఎన్నికకీ పదులకొద్దీ సంస్థలు లెక్కలు చెబుతాయి. అన్ని లెక్కల్లో ఏదో ఒకటి నిజానికి దగ్గరగా పడక తప్పదు. పడినవాళ్లు మర్నాటికి హీరోలు. వాళ్ల మాటే మనకు వినబడుతుంది. తప్పినవాళ్లను మర్చిపోతాం. మళ్లీ ఎన్నికల్లో పాత హీరో బోల్తా పడేదాకా మనకు తెలివి రాదు.

జోస్యాల చిట్టా

ఉదాహరణలకు కొదవ లేదు. 2004లో ‘భారత్ వెలిగిపోతోంది’ అని ఢిల్లీ ప్రకటనలు హోరెత్తుతున్నప్పుడు మా జిల్లాలో వేరుశనగ చేలు ఎండిపోయి ఉన్నాయి. అప్పుల బాధతో రైతులు ప్రాణాలు తీసుకుంటున్న రోజులవి. ఎగ్జిట్ పోల్స్ మాత్రం కేంద్రంలో ఎన్డీయేదే పైచేయి అన్నాయి. ఫలితాల్లో ఆ కూటమికి 190 సీట్లు కూడా రాలేదు. మన్మోహన్ సింగ్ ప్రధాని అయ్యారు.

మన తెలుగువాళ్లకు బాగా తెలిసిన పేరు లగడపాటి రాజగోపాల్. కొన్నిసార్లు ఆయన లెక్కలు సరిపోయేసరికి జనం ‘ఆంధ్రా ఆక్టోపస్’ అని పేరు పెట్టేశారు. 2018 తెలంగాణ ఎన్నికల్లో ఆయన ప్రజాకూటమి గెలుస్తుందన్నారు. తెరాసకి 88 సీట్లొచ్చాయి. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశానికి వందకి అటూఇటూ వస్తాయన్నారు. వచ్చినవి 23. ఇక సర్వేలు చేయనని ఆయన ప్రకటించారు.

2019లో దేశ ఫలితాన్నీ, మన రాష్ట్ర గాలినీ బాగా పసిగట్టిన సంస్థ యాక్సిస్ మై ఇండియా. అదే సంస్థ 2024లో ఎన్డీయేకి 361 నుంచి 401 సీట్లంది. వచ్చినవి 293. ఆ సంస్థ అధిపతి ప్రదీప్ గుప్తా ఓట్ల లెక్కింపు రోజున టీవీలో అందరూ చూస్తుండగానే కన్నీళ్లు పెట్టుకున్నారు. అదే ఎన్నికల్లో మన రాష్ట్రం సంగతి చూస్తే... ఆరా మస్తాన్ సర్వే వైఎస్సార్ కాంగ్రెస్‌కి 94 నుంచి 104 అంది. యాక్సిస్ కూటమికి 98 నుంచి 120 అంది. కేకే సర్వే అనే సంస్థ కూటమికి 161 అంటే చాలామంది నవ్వారు. ఫలితం? కూటమికి 164, వైఎస్సార్ కాంగ్రెస్‌కి 11!

నవ్వించుకున్న లెక్కే నిజమైంది. అలాగని వచ్చేసారి కూడా దాన్నే నమ్మాలా? వజ్రం దొరికిన చేలోనే మళ్లీ దొరుకుతుందా?

మెతుకు పట్టి చూస్తే చాలదా?

ఆ రాత్రి చిన్నాయన ఇంట్లోనే భోజనం. రాగి సంగటి, పప్పు, పచ్చిమిరపకాయల ఊరిబిండి. చిన్నమ్మ పొయ్యి మీద సంగటి కెలుకుతుంటే నేను నా సందేహాలన్నీ బయటపెట్టాను. ‘‘అన్నం ఉడికిందో లేదో చూడాలంటే ఒక్క మెతుకు పట్టుకుంటే చాలంటారు కదా... మరి వేలమందిని అడిగినా ఎందుకు తప్పుతున్నాయి?’’

చిన్నమ్మ కట్టె ఆపకుండానే అంది: ‘‘అది అన్నానికి. సంగటికి కాదు. కెలక్కుండా ఒకచోట తీసి చూస్తే ఉండే చేతికొస్తాది. ఉడికిందో లేదో ఏం తెలుస్తాది?’’

సంఖ్యాశాస్త్రం పుస్తకాలు ఎన్నో పేజీల్లో చెప్పే మాట ఇదే! నాలుగు కోట్లమంది ఓటర్లున్న రాష్ట్రంలో వెయ్యి మందిని అడిగినా చాలు... నూటికి మూడు అటూఇటూగా జనాభిప్రాయం తెలిసిపోతుంది. ఇది లెక్కల్లో రుజువైన సంగతే. కానీ ఒక షరతు ఉంది. ఆ వెయ్యి మందీ కలియబెట్టిన కుండలోంచి రావాలి. రాష్ట్రంలో ఎవరి పేరైనా చీటీలో వచ్చే అవకాశం అందరికీ సమానంగా ఉండాలి. అది లేకపోతే వెయ్యిని లక్ష చేసినా ఉపయోగం లేదు.

అమెరికాలో 1936లో జరిగిన ముచ్చట ఇందుకు సాక్ష్యం. లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక కోటిమందికి కార్డులు పంపింది. 23 లక్షలకు పైగా జవాబులొచ్చాయి. వాటిని లెక్కపెట్టి లాండన్ గెలుస్తాడని ప్రకటించింది. 48 రాష్ట్రాల్లో 46 రూజ్‌వెల్ట్ గెలుచుకున్నాడు! పత్రిక పేర్లు తీసుకున్నది టెలిఫోన్ పుస్తకాల నుంచి, కార్ల రిజిస్టర్ల నుంచి. మాంద్యం రోజుల్లో ఫోనూ కారూ ఉన్నదెవరికి? కలిగినవాళ్లకి. పైగా కార్డు తిరిగి పంపింది కోపం ఉన్నవాళ్లు, ఓపిక ఉన్నవాళ్లు. అంతకన్నా ఎంతో తక్కువమందిని జాగ్రత్తగా ఎంచుకుని అడిగిన జార్జ్ గాలప్ మాత్రం రూజ్‌వెల్టే గెలుస్తాడని సరిగ్గా చెప్పాడు.

‘‘నన్ను అడిగితివా?’’

సంగటి ముద్దలు పళ్లెంలో వేస్తూ చిన్నమ్మ ఉన్నట్టుండి ఆగింది. ‘‘ఆ పొద్దు నువ్వు నూట పది మందిని అడిగినావంటివే... అందులో ఆడోళ్లు ఎంతమంది?’’

నోటు పుస్తకం తెరవనక్కర్లేదు. టీకొట్ల దగ్గర, రచ్చకట్టల మీద ఆడవాళ్లుంటారా? ఆరుగురో ఏడుగురో. అదీ బస్టాండుల్లో.

‘‘ఈ ఇంట్లో రెండు ఓట్లు. నువ్వు మీ చిన్నాయనను అడిగితివి. నన్ను అడిగితివా? ఆయన ఓటు ఒకదానికి, నాది ఇంకోదానికి. కోడెల మీద పందెం కాసేటప్పుడు ఆయనా నన్ను అడగల్యా.’’

చిన్నాయన తలెత్తలేదు. పప్పులో ఉప్పు సరిపోయిందన్నాడు.

నాకు ఆ పూట ముద్ద దిగడం కష్టమైంది. మన రాష్ట్ర ఓటర్ల జాబితాలో మగవాళ్ల కంటే ఆడవాళ్లే ఎక్కువ. అంటే నా పుస్తకంలో సగానికి పైగా రాష్ట్రం లేనేలేదు! లిటరరీ డైజెస్ట్‌కి టెలిఫోన్ పుస్తకం ఎలాగో నాకు టీకొట్టు అలాగ.

లేనిది ఆడవాళ్లు ఒక్కరే కాదు. వేసవిలో ఈ పల్లెల్లో నడిచి చూడండి... ఎన్ని తలుపులకు తాళాలుంటాయో! వేరుశనగ చేతికి రాని ఏడాది మా జిల్లా జనం బెంగళూరు కట్టడాల దగ్గర ఉంటారు. కదిరి వైపు వాళ్లు కేరళ దాకా వెళతారు. తాళం వేసిన ఇంటిని ఏ సర్వే అడగగలదు? కానీ పోలింగ్ రోజుకి వాళ్లు వచ్చేస్తారు. 2024 మే 13న బెంగళూరు నుంచి, హైదరాబాద్ నుంచి బస్సుల్లో కాలు పెట్టే చోటు లేకుండా వచ్చారు. అడిగినప్పుడు లేనివాళ్లు, ఓటేసేటప్పుడు ఉన్నారు.

ఇక అడిగినప్పుడు ఉన్నవాళ్లయినా నిజం చెబుతారా? ఇది ఫ్యాక్షన్ చూసిన నేల. మనసులో మాట వాకిట్లో చెప్పకూడదని మూడు తరాలుగా నేర్చుకున్న నేల. ట్యాబ్ పట్టుకుని వచ్చిన కుర్రాడు ఏ పార్టీవాడో, ప్రభుత్వం పంపినవాడో ఎవరికి తెలుసు? ఫోన్‌లో ‘ఒకటి నొక్కండి, రెండు నొక్కండి’ అనే గొంతు ఎవరిదో అంతకన్నా తెలియదు. ‘‘కార్డు తీసేస్తే యాడికి పోవాల? అడిగినోళ్లకు ఏది ఇష్టమో అదే చెప్తాం. మనదేం పోతాది?’’ అంది చిన్నమ్మ. అబద్ధం కాదు... జాగ్రత్త!

అడిగే తీరులోనూ కిటుకుంది. ‘మీ ఊరికి కృష్ణా నీళ్లు కావాలా?’ అంటే కరవు సీమలో కాదనేవాడెవడు? ‘వచ్చిన నీళ్లు ముందు చెరువులు నింపాలా, కాలవ పక్క చేలకు పారించాలా?’ అనడగండి. ఒకే ఊళ్లో రెండు జట్లు లేస్తాయి. మొదటి ప్రశ్నకొచ్చిన జవాబుని ‘నూటికి తొంభైమంది మద్దతు’ అని పత్రికలో వేసుకోవచ్చు. కానీ దానివల్ల తెలిసిందేమీ లేదు. ఎన్నికల సర్వేలకైనా చివరికి ఓట్ల పెట్టె జవాబు చెబుతుంది. ఇలాంటి అభిప్రాయ సేకరణలకు ఆ పరీక్ష కూడా ఉండదు. అందుకే వాటిని ఇంకా జాగ్రత్తగా చూడాలి.

ఓట్లు వేరు... సీట్లు వేరు

సరే, అందర్నీ కలియబెట్టి అడిగారు, అందరూ నిజమే చెప్పారు అనుకుందాం. అప్పటికీ ఒక గండం ఉంది. సర్వే కొలిచేది ఓట్లను. మనం అడిగేది సీట్లను.

2019లో తెలుగుదేశానికి వచ్చిన ఓట్లు నూటికి 39 పైచిలుకు. సీట్లు 23. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కి వచ్చిన ఓట్లు కూడా నూటికి 39 పైచిలుకే. సీట్లు 11! ఎదుటివాళ్లు విడివిడిగా ఉన్నారా, కలిసి ఉన్నారా అన్నదాన్నిబట్టి అవే ఓట్లకు సీట్లు సగానికి పడిపోతాయి. 2014లోనైతే రెండు పక్షాల మధ్య ఓట్ల తేడా నూటికి రెండు కూడా ఉండీ లేనట్టు. సీట్ల తేడా మాత్రం 106కి 67. నూటికి మూడు అటూఇటూ పోయే కొలతతో నూటికి రెండు తేడాని ఎలా పట్టుకుంటారు? సంతలో కూరగాయల త్రాసుతో బంగారం తూచినట్టే!

పోనీ ఒక్కో నియోజకవర్గంలో వెయ్యిమంది చొప్పున అడిగితే? 175 నియోజకవర్గాలకు లక్షా డెబ్భై అయిదువేల మంది. అంత ఖర్చు పెట్టేవాళ్లెవరు, ఎందుకు పెడతారన్నది ఇంకో ప్రశ్న. అడిగినా, 229 ఓట్లతో తేలే ఉరవకొండలాంటి చోట ఆ వెయ్యిమందీ దారి చూపలేరు.

చట్టం తన వంతు తాను చేసింది. 2009లో ప్రజాప్రాతినిధ్య చట్టానికి చేసిన సవరణతో, పోలింగ్ మొదలైంది మొదలు చివరి దశ ముగిసిన అరగంట దాకా ఎగ్జిట్ పోల్స్ బయటపెట్టడం నేరమైంది. అందుకే 2024లో మనం మే 13న ఓటేసినా జోస్యాలు జూన్ 1 సాయంత్రం దాకా రాలేదు. కానీ చట్టం ఆపగలిగింది టీవీలనే. పందేలను కాదు.

శింగనమల గట్టు మీద

మర్నాడు పొద్దున్నే చిన్నాయన ‘‘నేనూ వస్తా పద’’ అన్నాడు. ఇద్దరం అనంతపురం వచ్చి, క్లాక్ టవర్ దగ్గర దోసెలు తిని, శింగనమల దారి పట్టాం. ఊరు దాటగానే బుక్కరాయసముద్రం చెరువు. విజయనగర రాజుల కాలం నాటిది. అక్కణ్నుంచి తూర్పుగా వెళితే గంటలోపే శింగనమల. అక్కడా పెద్ద చెరువుంది. దాని పేరు శ్రీరంగరాయల చెరువు. జిల్లాలోని పెద్ద చెరువుల్లో ఒకటి. వాన రాని సీమలో రాజుల పేర్లు నిలిచింది కోటల వల్ల కంటే చెరువుల వల్లే!

ఉరవకొండకి సరిగ్గా ఎదురు కథ శింగనమలది. 1989లో ఇక్కడ కాంగ్రెస్ గెలిచింది, రాష్ట్రంలోనూ కాంగ్రెసే. 1994, 1999ల్లో తెలుగుదేశం... అక్కడా ఇక్కడా. 2004, 2009ల్లో కాంగ్రెస్ తరఫున శైలజానాథ్ గెలిచారు, ప్రభుత్వమూ ఆ పార్టీదే. 2014లో తెలుగుదేశం, 2019లో వైఎస్సార్ కాంగ్రెస్, 2024లో మళ్లీ తెలుగుదేశం. వరసగా ఎనిమిదిసార్లు తప్పలేదు! కోట్లు ఖర్చుపెట్టి చేసే సర్వేలకు లేని రికార్డు ఇది. మరి అన్నీ మానేసి శింగనమల వాళ్లనే అడిగితే పోలేదా?

చెరువు గట్టు మీద కూర్చుని చిన్నాయనతో రూపాయి బిళ్ల ఆట ఆడాను. ఎనిమిదిసార్లు ఎగరేసి ఎనిమిదిసార్లూ బొమ్మే పడాలంటే అవకాశం 256లో ఒకటి. అబ్బో అనిపిస్తుంది. కానీ 2009 దాకా ఉమ్మడి రాష్ట్రంలో ఎన్ని నియోజకవర్గాలు? 294. అంటే అందరూ ఊరికే బిళ్లలు ఎగరేసినా ఎవరో ఒకరికి ఎనిమిదిసార్లూ బొమ్మ పడే అవకాశమే ఎక్కువ. ఉరవకొండ లాగా అయిదుసార్లు వరసగా ఎదురు పడాలంటే 32లో ఒకటి. ఇప్పుడున్న 175లో అలాంటివి అయిదారు ఉండొచ్చు. పైగా ఓట్లు బిళ్లలు కావు. గాలి వీస్తే 151 సీట్లు ఒకవైపు, 164 సీట్లు ఒకవైపు పడే రాష్ట్రం మనది. గెలిచినవాళ్ల పక్కన ఉండటం అందులో పెద్ద వింత కాదు. శింగనమలకి జోస్యం తెలియదు. ఉరవకొండకి శాపం లేదు. ఎన్నో ఊళ్లలోంచి మనం ఆ రెండింటినీ ఏరుకున్నాం... వజ్రకరూరు చేలో రాయిని ఏరుకున్నట్టు!

చిన్నాయన బిళ్లను జేబులో వేసుకుని చాలాసేపు నీళ్ల వైపు చూశాడు. తర్వాత అన్నాడు: ‘‘మా చేన్లో పంట కోత ప్రయోగం చేస్తారు చూడు... పంటల బీమా కోసం. ఆఫీసరు వస్తాడు. ఏ చేను బాగుంది అని నన్నడగడు. నెంబర్ల చీటీ చూసి, ఏ సర్వే నెంబరు వస్తే ఆ చేనికే పోతాడు. ఐదు మీటర్లు ఇట్ల, ఐదు మీటర్లు అట్ల తాడు కడతాడు. అందులో పెరికిన కాయ తూస్తాడు. ఎండిన చేను వచ్చినా అంతే, కాసిన చేను వచ్చినా అంతే. మీ సర్వేలోళ్లు అట్ల ఎందుకు పోరు? చెట్టు నీడ యాడుంటే ఆడ నిలబడి అడుగుతారు. నీడలో కూచున్నోళ్లే దొరుకుతారు.’’

నేను ఆ పదిరోజులూ ఎక్కడెక్కడ నిలబడ్డానో గుర్తుచేసుకున్నాను. ఏప్రిల్ ఎండ. అన్నీ నీడలే!

పదును చూసి విత్తాలి

మరైతే సర్వేలన్నీ బూటకమేనా? ఆ మాటా అనలేను. పద్ధతిగా చేసిన సర్వే గాలి ఎటు మళ్లుతోందో చెబుతుంది. ఆడవాళ్లు ఏమనుకుంటున్నారు, కుర్రాళ్లు ఏమనుకుంటున్నారు, నీళ్ల మీద కోపం ఎక్కువా ధరల మీద ఎక్కువా... ఇవి తెలుసుకోవడానికి అంతకన్నా మంచి దారి లేదు. ఢిల్లీలో, అమరావతిలో కూర్చున్నవాళ్లకి తాళం వేసిన ఇంటి మాట వినిపించాలంటే ఎవరో ఒకరు పద్ధతిగా అడగాల్సిందే. సీట్ల సంఖ్య చెప్పినప్పుడే తేడా వస్తుంది. 98 నుంచి 120 అన్నవాళ్లు గెలుపు ఎవరిదో సరిగ్గానే చెప్పారు, 164ని మాత్రం ఊహించలేకపోయారు.

కాబట్టి ఈసారి టీవీలో రంగురంగుల పట్టీలు తిరుగుతున్నప్పుడు నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఎంతమందిని అడిగారు? వాళ్లను ఎలా ఎంచుకున్నారు... చీటీ తీశారా, నీడ చూసుకున్నారా? ఇంటికెళ్లి అడిగారా, ఫోన్‌లోనా? ఖర్చు ఎవరు పెట్టుకున్నారు? ఈ నాలుగింటికీ జవాబు చెప్పని సర్వేని చిలక జోస్యం పక్కన పెట్టేయండి. అన్నీ చెప్పిన సర్వేనైనా వాతావరణ సూచనలా వినండి. తీర్పులా కాదు.

తిరిగొచ్చేసరికి కూడేరు వైపు మబ్బు పట్టింది. బస్సు దిగి చేను మీదుగా నడిచాం. రెండు రోజుల కిందట పడిన వానకి నేల మెత్తబడింది. చిన్నాయన వంగి, వేళ్లతో మట్టి తవ్వి, ఒక ముద్ద తీసి పిడికిట్లో నొక్కాడు. తెరిచేసరికి ముద్ద విడిపోయింది.

‘‘పదును చాలదు’’ అన్నాడు.

‘‘రేడియోలో వాన పడుతుందనే చెప్పారు చిన్నాయనా.’’

‘‘చెప్పనీ. వాళ్లు జిల్లాకు చెప్తారు. నేను ఈ చేన్లో విత్తాల.’’ చేతులు దులుపుకున్నాడు. ‘‘కోడెలప్పుడు నీ మాట విన్యా గానీ, ఇట్ల వంగి చూడల్యా. తప్పు నీది కాదులే నాయనా.’’

ఆరేళ్లు దాటాక ఆ ఒక్క మాటా అన్నాడు. ఇంటి దగ్గర చిన్నమ్మ వాకిట్లో నిలబడి మబ్బుకేసి చూస్తోంది. ఈసారి మర్చిపోకుండా ముందు ఆమెనే అడిగాను... ‘‘వాన వస్తుందంటావా చిన్నమ్మా?’’

‘‘వస్తే తడుస్తాం లే... ముందు బట్టలు లోపలెయ్యి’’ అంది.